స్టడ్స్ కొనేముందు గ్రౌండ్ చూడండి!

ఇవాళ బార్కస్‌లో ఉన్నాం. నిజాం కాలంలో అరబ్ సైనికుల బ్యారక్స్ ఉండేవి కాబట్టే ఈ పేరు. ఇక్కడి కుర్రాళ్లకి ఫుట్‌బాల్ అంటే పిచ్చి.

మొదటిసారి స్టడ్స్ కొనేటప్పుడు మనం చేసే తప్పేంటో తెలుసా? మెస్సీ మోడల్ అడుగుతాం. మెస్సీ ఆడేది మెత్తటి పచ్చిక మీద, మనం ఆడేది గట్టి మట్టి మీద! నేనూ అలాగే ఎఫ్‌జీ కొన్నా. ఆ పొడుగు స్టడ్స్ మట్టిలో దిగలేదు, చీలమండ మడత పడింది. మూడు వారాలు ఇంట్లోనే.

బాక్స్ మీద చూడండి. ఎఫ్‌జీ అంటే పచ్చిక గ్రౌండ్‌కి. ఎస్‌జీ అంటే తడిసిన మెత్తటి నేలకి. టీఎఫ్‌కి అడుగున చిన్న రబ్బరు బుడిపెలు చాలా ఉంటాయి. గట్టి నేలకి అవే మేలు.

షాపుకి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆడేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకోండి. లేసులు బిగించి నాలుగడుగులు పరిగెత్తండి. మడమ లేచిందా, వద్దు. వేళ్లు ముడుచుకున్నాయా, వద్దు. "వాడితే సాగుతాయిలే" అని షాపాయన అన్నా సరే, వద్దు. ఎదిగే పిల్లలని రెండు సైజులు పెద్దవీ కొనకండి.

మోడల్ పాతదైనా పర్లేదు బ్రో, కాలు మాత్రం మనదే కదా! మీ గ్రౌండ్ మట్టిదా, టర్ఫా? కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!