ముసలి కారు వణుకు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు చెప్పారు. నన్ను కారు గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను మెకానిక్కును కాను. ముప్పైయారేళ్లు ఫైళ్లు నడిపిన గుమాస్తాను. కాబట్టి దీన్ని కూడా ఒక ఫైలు లాగానే చెబుతాను.

నా దగ్గర 1997 మోడలు మారుతి 800 ఉంది. 2008లో రిటైరైనప్పుడు గ్రాట్యుటీలో కొంత పెట్టి సెకండ్ హ్యాండులో కొన్నాను. మూడు సిలిండర్లు, 796 సి.సి., కార్బురేటరు బండి. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. మాకు మాత్రం దానితో పని తీరలేదు. మా ఆవిడకు వారానికి రెండుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాలి.

పోయిన వానాకాలంలో బండికి వణుకు పట్టుకుంది. పరుగులో బాగానే ఉండేది. సిగ్నలు దగ్గర ఆగితే స్టీరింగు, సీటు, అద్దాలు అన్నీ గడగడ. ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూంటే కూడలి మధ్యలో ఆగిపోయింది. వెనుక లారీల హారన్లు. అసలే నీరసంగా ఉన్న మనిషిని వానలో దింపి ఆటో ఎక్కించవలసి వచ్చింది.

ఒక గ్యారేజీకి తీసుకువెళ్లాను. బానెట్టు ఎత్తి రెండు నిమిషాలు విన్నారు. "బోరుకొచ్చింది సార్, ఇంజను దించాలి, ముప్పైఅయిదు వేలవుతుంది" అన్నారు. నేను బ్యాంకు పాస్‌బుక్కు తీశాను. అప్పుడు మా ఆవిడ అంది: "ఏమండీ, కింది నోటు చదవకుండానే ఫైలు పైకి పంపేవారా మీరు?"

ఆ మాటతో ఆగాను. మా వీధి చివర చిన్న షెడ్డు నడిపే కుర్రవాణ్ణి పిలిచాను. ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఖర్చు లేనిది ముందు, ఖర్చయ్యేది తరువాత. ఒకసారికి ఒకటే మార్చడం. ప్రతిదీ కాగితం మీద రాయడం.

మొదటి ప్రశ్న, వణికేది ఇంజనా, బాడీయా? శబ్దం సమంగా ఉండి కారు మాత్రం అదురుతుంటే ఇంజను కింది మౌంటింగు రబ్బర్లు గట్టిపడ్డాయేమో చూడాలి. మూడు సిలిండర్ల బండికి స్వతహాగానే కొంచెం అదురు ఉంటుంది. మాది అది కాదు, శబ్దమే తడబడుతోంది.

రెండవది ప్లగ్గులు. మూడూ విప్పి వరుసగా పెట్టాం. కొన బిస్కెట్ రంగులో ఉంటే క్షేమం. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ, నూనె తడి ఉంటే ఇంజనాయిలు లోపలికి వస్తోందని అర్థం. మావి మూడూ కాస్త తెల్లగా ఉన్నాయి. నూనె లేదు.

మూడవది కంప్రెషన్ పరీక్ష. బోరు సంగతి తేల్చేది ఇదే, చెవి కాదు. ఒక సిలిండరులో తక్కువ వస్తే అందులో కొన్ని చుక్కల నూనె వేసి మళ్లీ చూస్తారు. పెరిగితే రింగులు, పెరగకపోతే సాధారణంగా వాల్వులు. మాకు మూడు రీడింగులూ దాదాపు సమానం. బోరు బాగానే ఉంది!

మరి గాలి ఎక్కడినుంచి వస్తోంది? నాకు డైరీ రాసే అలవాటు. వణుకు మొదలైన తేదీకి ముందు పేజీ తిప్పాను. "ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేశాను" అని నా చేతిరాతే! అక్కడే చూశాం. ఫిల్టరు మూత దగ్గరి సన్నని రబ్బరు గొట్టం కొన చీలి, ఊడి వేలాడుతోంది. ఆ చిల్లులోంచి ఇంజను దొంగగాలి పీలుస్తోంది. పరుగులో ఇంజను చాలా గాలి తీసుకుంటుంది గనుక ఆ కాస్త లెక్కలోకి రాదు. స్లో స్పీడులో తీసుకునేదే కొంచెం, అందుకని అక్కడ మిశ్రమం చెడి తడబడుతుంది. గొట్టం అరవై రూపాయలు, కూలి మూడువందలు. అంతకుముందు నేను పెట్రోలు బంకువాణ్ణి తిట్టి వచ్చాను. తప్పు నాదని తేలాక వెళ్లి చెప్పాను.

మిత్రులకు నా మనవి ఇది. బండి వణికితే చివరగా దాని మీద ఎవరు చెయ్యి వేశారో ముందు గుర్తు చేసుకోండి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుపుతున్నారు. పాత బండి రబ్బరు గొట్టాలు తరచు చూపించుకోండి. ఇంజెక్షను బండ్లకు ముందు స్కానరు పెట్టించండి. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి, అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నీలిపొగ వచ్చి, ఆయిలు తగ్గిపోతూ, కంప్రెషన్ కూడా పడిపోతే మాత్రం ఇంజను దించవలసిందే. అప్పుడు డబ్బుకు వెనుకాడకండి.

బండి ఇప్పుడు బాగానే నడుస్తోంది. అయినా ఆ రోజు వాన నేను మరిచిపోలేదు. ఆటో అబ్బాయి ఫోను నంబరు జేబులో ఉంచుకునే బయలుదేరుతున్నాను. నా ఫైలు మీద సరైన నోటు రాసినవారు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. ఆమెకు కృతజ్ఞతలు.