తుఫానును ఆపగలమా?

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాదండీ, ఇంటర్ చదివి పటాలంలో చేరినవాణ్ణి. ఒక పెద్దాయనకు ఒక జవాబు బాకీ పడ్డాను. అదే ఈ రోజు మీ ముందు చెప్పుకుంటాను.

1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని సూపర్ సైక్లోన్ కొట్టింది. దాదాపు పదివేల మంది పోయారు. అప్పుడు నేను నాయక్‌ని. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లు కోసుకుంటూ మా సెక్షన్ జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోకి వెళ్లింది. ఇల్లు, గొడ్లు, ఇద్దరు మనవలు పోయిన ఒక ముసలాయన నన్ను హిందీలో అడిగాడు: "ఫౌజీ బాబూ, మీ దగ్గర ఇన్ని ఫిరంగులు, విమానాలు ఉన్నాయి కదా. దీన్ని సముద్రంలోనే ఆపలేరా?" నా దగ్గర జవాబు లేదు. నీళ్లసీసా చేతికిచ్చి తల వంచుకున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, ఆ ప్రయత్నం నిజంగానే జరిగిందని. మన తుఫానునే అమెరికావాళ్లు హరికేన్ అంటారు. 1947 అక్టోబరు 13న వాళ్ల సైనిక విమానం అట్లాంటిక్‌లో ఒక హరికేన్ మీద సుమారు 80 కిలోల డ్రై ఐస్ చల్లింది. సముద్రంలోకి పోతున్న ఆ తుఫాను పడమరకు మళ్లి, జార్జియా రాష్ట్రంలో సవానా నగరం దగ్గర తీరం దాటింది. మీరే తిప్పారని జనం మండిపడ్డారు. చల్లకముందే అది మలుపు తిరిగిందని తర్వాత తేలింది గాని, మాట పడడం తప్పలేదు.

1962లో వాళ్ల నేవీ, వాతావరణ శాఖ కలిసి 'స్టార్మ్‌ఫ్యూరీ' పథకం మొదలుపెట్టాయి. మేఘాల్లో సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టని నీరు ఉంటుంది. సిల్వర్ అయొడైడ్ చల్లి దాన్ని గడ్డకట్టిస్తే తుఫాను కన్ను చుట్టూ ఉన్న మేఘాల గోడ వెడల్పవుతుందని, గాలి జోరు తగ్గుతుందని లెక్క వేశారు. 1969 ఆగస్టులో డెబ్బీ హరికేన్ మీద రెండు రోజులు చల్లితే గాలి ఒకరోజు 31 శాతం, ఇంకోరోజు 18 శాతం తగ్గింది. సంబరపడ్డారు. కాని ఎవరూ చల్లకపోయినా తుఫానులు పాత గోడ వదిలి కొత్త గోడ కట్టుకుంటాయని, అప్పుడూ గాలి తగ్గుతుందని తర్వాత తెలిసింది. పైగా వాటిలో అలాంటి నీరే తక్కువట. 1983లో పథకం మూసేశారు.

"మరి అణుబాంబు వేస్తే?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. పెద్ద హరికేన్‌లో 20 నిమిషాలకొకసారి 10 మెగాటన్నుల బాంబు పేలినంత వేడి పుడుతుంది. దాని ముందు మన బాంబు ఏపాటిది? పైగా ఆ విషధూళి అదే గాలితో మన ఇళ్ల మీదికే వస్తుంది.

ఎదుర్కోలేని శత్రువు వస్తే ఏం చేస్తాం? ముందు సమాచారం, తర్వాత జనాన్ని ఖాళీ చేయించడం. 2019 మే 3న ఫణి తుఫాను పూరీ దగ్గర తీరం దాటింది. గాలి 1999 నాటంత లేకపోయినా భీకరమైనదే. ముందే సుమారు 12 లక్షల మందిని తరలించారు. ఒడిశాలో పోయినవారు 64 మంది. ఇంకో సంగతి. 1999లో కేంద్రపడ జిల్లాలో మడ అడవి అండ ఉన్న ఊళ్లలో చావులు తక్కువని పరిశోధకులు తేల్చారు. గాలిని ఆపలేకపోయినా, ఉప్పెన జోరు తగ్గించే ఆయుధం ఒకటి మన చేతిలో ఉంది. మన కోరంగి మడ అడవిని కూడా అలాగే చూసుకోవాలి.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మరిచిపోగలమా? తీరం ఊళ్లలో ఉన్న మన మాజీ సైనికులకు నా మనవి ఒక్కటే. హెచ్చరిక వచ్చినా ముసలివాళ్లు ఇల్లు, గొడ్డు వదిలి కదలరు. మాజీ సైనికుడు వెళ్లి చెయ్యి పట్టుకుంటే కదులుతారు. వెళ్లండి.

ఆ పెద్దాయన మళ్లీ కనిపిస్తే ఇలా చెబుతాను: "ఆపలేం బాబా. కాని ఈసారి అది రాకముందే వస్తాం. నీ మనవల్ని ఎత్తుకుని తీసుకుపోతాం."

జై హింద్.