సమాఖ్య వేదికలు – సంఘ మర్యాద
(ఉపన్యాస పాఠము)



నలుగురు కూడి మాటలాడుకొనుచోట ఒక కట్టుబాటు అవసరము. రచ్చబండ యొద్ద దానిని ఊరిపెద్దలు నిలుపుదురు. పఠన మందిరమున గ్రంథపాలకుడు నిలుపును. ఇంటర్నెట్టునందలి పెద్ద సామాజిక వేదికలలో ఆ అధికారము సాధారణముగా ఒక కంపెనీ చేతియందుండును. సమాఖ్య వేదికల పద్ధతి వేరు.

2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో ప్రారంభించిన మాస్టడాన్ వీనిలో ప్రసిద్ధమైనది. ఇందు ఒక్కొక్క సంఘమునకు స్వంత సర్వరు, స్వంత నియమావళి యుండును. సర్వర్ల నడుమ సందేశములను నడపు యాక్టివిటీపబ్ అను పద్ధతిని 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము ప్రమాణముగా ఆమోదించెను. వేరువేరు ఊళ్ల తపాలా కచేరీలు జాబుల నందించుకొనునట్లే ఈ సర్వర్లును సందేశముల నందించుకొనును.

అట్లయిన దుర్జనుల సందేశములును రావా? వచ్చును. అందులకై నిర్వాహకుని చేతియందు మూడు విధముల సాధనములు గలవు. పొరుగు సర్వరును పరిమితము చేసినచో దాని వ్రాతలు కోరి అనుసరించువారికే చేరును. బహిరంగ పట్టికలో కానరావు. చిత్రములను మాత్రమే నిరాకరింపవచ్చును. అంతతో తీరనిచో సంబంధమును పూర్తిగా తెంచివేయవచ్చును.

ఈ సాధనములకు గట్టి పరీక్ష 2019 జూలైలో వచ్చినది. 2018 అక్టోబరు 27న అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున యూదుల ప్రార్థనామందిరములో 11 మందిని కాల్చి చంపిన హంతకుడు తన ద్వేషమును గాబ్ అను వేదికపై వెళ్లగ్రక్కియుండెను. ఆ గాబ్ మాస్టడాన్ సాఫ్టువేరును స్వీకరించెను. అది స్వేచ్ఛా సాఫ్టువేరగుటచే ఎవరును ఆపజాలకపోయిరి. కాని పెక్కు సర్వర్ల నిర్వాహకులు ఎవరికి వారే దానికి తలుపు మూసిరి. సాఫ్టువేరు దానికి దక్కెను గాని, ఆ పొరుగువారి సభ్యులు దక్కలేదు.

అయినను ఇందొక చిక్కు గలదు. వేలకొలది సర్వర్ల మంచిచెడ్డలు విచారించుట ఒకరి తరము కాదు. నిర్వాహకులలో పెక్కురు వేతనము లేక శ్రమించువారు. కనుక నిషేధపట్టికలను ఒకరి నుండి ఒకరు తీసికొనుచున్నారు. 2023 ఫిబ్రవరి నాటి మాస్టడాన్ 4.1 ఇందులకు సౌకర్యము కల్పించెను. శ్రమ తగ్గినది; కాని ఒకరి పొరపాటు పదిమంది పొరపాటగు ప్రమాదము పెరిగినది. ఒక సర్వరును తెంచినప్పుడు, తప్పు చేసినవానితో పాటు నిరపరాధుల స్నేహములును తెగును. అట్లు తెగిన సంబంధములను సభ్యునికి తెలియజేయు ఏర్పాటు 2024 అక్టోబరు నాటి 4.3లో చేర్చబడెను.

పట్టికను తెచ్చుకొనుట సులభము. అందలి ప్రతి పేరునకు కారణము నడుగుట, ఆ కారణమును సభ్యుల యెదుట నుంచుట, అన్యాయము జరిగినదను వాని విన్నపమును ఆలకించుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చిన సంఘమందే మాటకు స్వేచ్ఛయు, మనిషికి రక్షణయు నిలుచును.