నవ్వు ఎవరి దిక్కు?
(మాదాపూర్‌ల ఐటీ ఉద్యోగుల సమావేశంల చేసిన ప్రసంగం)

1985ల వచ్చిన 'ప్రతిఘటన' సినిమాల కోట శ్రీనివాసరావు వేసిన దుష్ట నాయకుని నోట మన యాస పెట్టిన్రు. తర్వాత తెర మీద రౌడీకి, పనోనికి, జోకర్‌కు అదే యాస. నవ్వుడు వాళ్లది, నవ్వులపాలయ్యుడు మనది. మేం కొట్లాడింది నీళ్లు, నిధులు, నియామకాలకే కాదు, ఈ అవమానం మీద గూడ.

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. వీ6ల 'తీన్మార్ వార్తలు' మన యాసతోనే ఇంటింటినీ నవ్వించినయి. మంచిదే. కానీ ఒక్క మాట. 1776ల స్వాతంత్ర్యం ప్రకటించుకున్న అమెరికాల, బ్రిటన్ రాజు దిక్కు నిలబడ్డ సుమారు 60 వేల మంది యుద్ధమైనంక దేశం ఇడిసిపోయిన్రు. గసుంటోళ్లను రాజు తొత్తులని చూపుడు టీవీ కామెడీకి అల్కటి పని. ఇల్లు పోయిన గోస అండ్ల కనబడదు.

1998ల సైబర్ టవర్స్ తెరిచిన కాన్నుంచి ఈడ పొట్టకూటికొచ్చినోళ్లున్నరు. సమైక్యమన్న పక్కసీటు గుంటూరు తమ్ముడు మనకు జోకర్ కావద్దు. పెత్తనాన్ని ఎక్కిరిద్దాం, మనిషిని కాదు. మన యాసను నవ్వితే మనకెంత మండిందో యాది పెట్టుకుందాం.

జై తెలంగాణ!