మోటారు బండ్ల బిరడాల వద్ద చమురు కారుట – నివారణోపాయములు
(ఉపన్యాస పాఠము)



కుండకు చిల్లి పడి నీరు పోయిన మరల నూతికి పోయి తెచ్చుకొనవచ్చును. మోటారు కారు ఇంజనులోని చమురు కారిపోయిన నష్టము అంత తేలికగా తీరదు. చమురు తగ్గినకొలది లోహము లోహముతో ఒరసికొని, వేడెక్కి, తుదకు ఇంజను పట్టివేయును. ట్రాక్టరునకును ఇదియే గతి. దుక్కి దినములలో ఇట్లు జరిగినచో మరమ్మతు ఖర్చుతోపాటు అదనును తప్పును. ఇంత నష్టమునకు మూలము ఒక్కొక్కప్పుడు తొట్టి అడుగున చమురు దింపుటకు అమర్చిన చిన్న మరబిరడాయే.

బిరడా వద్ద చెమ్మ కనబడగానే పానాతో మరింత బిగించుట పలువురి అలవాటు. ఇది పొరపాటు. అనేక కార్ల చమురుతొట్టి అల్యూమినియముతో పోతపోసినది, బిరడా ఉక్కుది. మెత్తని లోహములో ఉక్కును బలిమిని త్రిప్పిన తొట్టిలోని మరచుట్లు తెగిపోవును. స్వల్పమైన వెల గల వాషరుతో తీరవలసిన పని తొట్టి మార్చువఱకు వచ్చును.

మొదట చమురు ఎచట కారుచున్నదో నిశ్చయించుకొనవలెను. పైభాగమున కారిన చమురు క్రిందికి జారి, బండి పరుగులో గాలికి వెనుకకు ప్రాకి, బిరడా కొన బొట్టుగా నిలుచుట కలదు. అప్పుడు నిర్దోషియైన బిరడాపై నేరము పడును. ఇంజను చల్లారిన పిదప ఆ భాగమంతయు తుడిచి, సుద్దపొడి అద్ది, కొంతసేపు నడిపి నిలిపి చూడవలెను. తడిసిన చోట్లలో అన్నిటికంటె మీదిదే సాధారణముగా మూలము. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూరరాదు. గట్టి ఆధారములు పెట్టవలెను.

బిరడాలు ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగలో మర ఆసాంతము ఒకే లావుగా నుండును. ఇందు చమురును ఆపునది మర కాదు, తల క్రింది వాషరు. రాగి లేక అల్యూమినియపు వాషరు బిగింపునకు నలిగి సందును పూడ్చును. ఒకమారు నలిగినది మరల చక్కగా అమరదు. గనుక చమురు మార్చినప్పుడెల్ల క్రొత్తది వేయుట మేలు. క్రొత్తది దొరకనిచో పాత రాగి వాషరును ఎఱ్ఱగా కాల్చి, చల్లార్చి, మసి తీసి వాడవచ్చును. కాల్చిన రాగి మెత్తబడును. అల్యూమినియపు దానిని ఇట్లు కాల్చరాదు, కరగిపోవును. పాత వాషరు తొట్టికి అంటుకొనియుండగా దానిపై రెండవది వేసినను కారును.

రెండవ తెగలో మర చివరకు సన్నగిలును. 16 అంగుళముల పొడవునకు ఒక అంగుళము చొప్పున లావు తగ్గును. ఇందు వాషరు లేదు. మరయే చమురును ఆపును. మరచుట్లను శుభ్రపఱచి, టెఫ్లాన్ పట్టీని బిగించు దిక్కుననే చుట్టి, కొనయందు ఒకటి రెండు చుట్లు విడువవలెను. లేనిచో పట్టీ ముక్కలు లోపల పడి సన్నని చమురుదారులను మూయును. ఈ పట్టీ మొదటి తెగ బిరడాలకు అక్కఱలేదు. బ్రిటిషు పైపుమర 55 డిగ్రీల కోణముది, అమెరికా మర 60 డిగ్రీలది. అర అంగుళపు కొలతలో రెండింటికిని అంగుళమునకు 14 చుట్లే యగుటచే ఒకదానిలో నొకటి ఎక్కును గాని సరిగా అతుకదు.

బిరడాను మొదట వ్రేళ్లతోనే ఎక్కింపవలెను; మర అడ్డముగా పట్టినచో చేతికి తెలియును. పిదప బండి పుస్తకములో చెప్పిన బిగింపును కొలతపానాతో ఈయవలెను.

గేరుపెట్టెలో చమురు దింపుటకు ముందే, చమురు పోయు బిరడా ఊడివచ్చునో లేదో చూడవలెను. అది రాక, ఉన్న చమురు దింపివేసిన బండి కదలుటకు వీలులేదు. గేరుపెట్టె గాలిరంధ్రము మట్టితో పూడిన, లోని గాలి వేడికి పొంగి చమురును సందులగుండ త్రోయును. అప్పుడు బాగుచేయవలసినది రంధ్రమే, బిరడా కాదు.

దింపిన చమురును కాలువలోను, పొలములోను పోయక డబ్బాలో పట్టి మరమ్మతు దుకాణమున కీయవలెను. పని ముగిసిన రాత్రి బండి క్రింద కాగితము పఱచి, ఉదయమున చుక్క పడినదేమో చూచి, కొలకఱ్ఱతో చమురు మట్టము పరీక్షించిన పిమ్మటనే బండిని దూరము పంపవలెను.