గోడ వెనుక నిలిచిన నీరు

2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలం కొండపై భారీ వాన. చందనోత్సవానికి వచ్చి 300 రూపాయల టికెట్ క్యూలో నిలబడ్డ భక్తులపై గోడ కూలి ఏడుగురు చనిపోయారు. అది పాతగోడ కాదు, ఉత్సవానికి కొద్దిరోజుల ముందు కట్టిందే.

మట్టిని ఆపే ఇలాంటి గోడలను తరచుగా పడదోసేది మట్టిలో చిక్కిన నీరు. 3 మీటర్ల గోడ వెనుక నిండా నీరు నిలిస్తే, ప్రతి మీటరు పొడవుకూ ఆ నీటి తోపుడే సుమారు 4.5 టన్నులు.

రోడ్డు పక్క గోడ కూలితే ముందు రాకపోకలు ఆపాలి. టార్పాలిన్ కప్పి, వాననీటిని పక్కకు మళ్లించాలి. శిథిలాలను అడుగు నుంచి లాగకూడదు, పై మట్టిని ఆపుతున్నవి అవే కావచ్చు.

తర్వాత గట్టినేల దాకా పునాది తవ్వాలి. తీసిన బంకమట్టినే మళ్లీ కూరడం మేస్త్రీకి సులువు, గోడకు చేటు. వెనుక కంకర, దానికీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ, గోడలో బయటికి వాలిన పైపులు ఉండాలి. అందం కోసం ఆ పైపుల నోళ్లకు సిమెంటు పూసేవాళ్లూ ఉన్నారు! చోటుంటే ఇనుపవలల్లో రాళ్లు నింపిన గేబియన్ గోడ మేలు. నీరు దానంతటదే కారిపోతుంది, నేల కాస్త కుంగినా పగలదు.

ఛత్తీస్‌గఢ్ మైదానంలోని భిలాయి వంటి ఊళ్లకు కొండచరియల బెంగ లేదు. అయితే ఆ మైదానంలో కన్హార్ అనే నల్లరేగడి చాలాచోట్ల ఉంది. తడిస్తే ఉబ్బే ఈ మట్టి కాలువగట్ల గోడలనూ, అండర్‌పాస్ గోడలనూ నెడుతుంది. గోడ పొట్ట ముందుకు వచ్చిందా, పైపులు పూడాయా అన్నది జూన్ వానలకు ముందే చూడాలి.