టూల్ ఏదైనా సరే, తాళం మన చేతిలో ఉండాలి



భద్రాచలంలో మన యువత కూర్చున్నప్పుడు నేను మాట్లాడింది రాసి పెట్టమని చాలామంది అడిగారు. అదే ఇక్కడ పెడుతున్నా. ఆ రోజు రాలేకపోయిన చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం మిత్రులు కూడా చదవండి.

అక్కడ మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్న ఒకటే. "కోడింగ్ రాదు. మౌస్‌తో లాగి పెట్టుకుంటూ వెబ్‌సైట్ చేసే టూల్స్ బోలెడు ఉన్నాయంట. మనలాంటి కొత్తోళ్లకు ఏది మంచిది?"

జవాబు చెప్పే ముందు నేనొకటి అడిగాను. ఆ సైట్ ఎవరి కోసం?

ఒక ఇంటిని తలచుకోండి. పోడు భూమి హక్కుకు పెట్టుకున్న దరఖాస్తును సబ్ డివిజన్ కమిటీ కాదన్నదని తాతకు కాగితం వచ్చింది. దాని మీద జిల్లా కమిటీకి పోవడానికి అటవీ హక్కుల చట్టం నియమాలు ఇచ్చిన గడువు 60 రోజులు. ఆ సంగతి తాతకు తెలియదు. ఇంటర్ చదివే మనవరాలి దగ్గర ఫోన్ ఉంది, గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తది. ఆ పిల్ల తెలుగులో టైప్ చేసి వెతికితే మన పేజీ దొరకాలి. ఆ కాస్త సిగ్నల్‌కే తెరుచుకోవాలి. "60 రోజులు" అనే మాట కంటికి కనబడాలి. మన సైట్ ఆ పిల్ల కోసం.

ఇప్పుడు టూల్ సంగతి. దేన్నయినా నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఫోన్‌లో, తక్కువ సిగ్నల్‌లో తెరుచుకుంటదా? కదిలే బొమ్మలు, వెనకాల వీడియో ఉన్న డిజైన్లు ల్యాప్‌టాప్‌లో బాగుంటాయి. గుట్ట మీద తెల్ల స్క్రీనే మిగులుతది.

రెండు, తెలుగు అక్షరం అక్షరంగానే ఉంటదా? మనం కాన్వాలో పోస్టర్ చేసి ఫోటోగా పెడతాం. ఫోటోలోని మాటలను నమ్ముకుంటే వెతికేవాళ్లకు మన పేజీ దొరకదు, చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు. ప్రింటింగ్ ప్రెస్సు నుంచి తెచ్చిన అను ఫాంట్ మ్యాటర్‌ను అట్లాగే అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి పెట్టాలి.

మూడు, రేపు వేరే చోటికి పోవాలంటే మన సరుకు మనతో వస్తదా? ఇది ఎవరూ ముందు అడగరు. యాహూ వాళ్ల జియోసిటీస్‌లో లక్షలమంది సొంత పేజీలు కట్టుకున్నారు, 2009లో దాన్ని మూసేశారు. కోడ్ లేకుండా సైట్లు చేసే మ్యూజ్‌ను అడోబీ ఆపేస్తున్నట్టు 2018లో చెప్పి, 2020 మార్చితో సపోర్ట్ ముగించింది. పెద్ద కంపెనీ కదా అని నమ్ముకుంటే సరిపోదు.

నాలుగు, ఒక్కరి కంటే ఎక్కువమంది పని చేసుకోవచ్చా?

ఈ ప్రశ్నలతో చూస్తే కొన్ని తేలిపోతాయి. విక్స్ నేర్చుకోవడం తేలిక, డిజైన్లు అందంగా ఉంటాయి. కానీ ఉచితంగా వాడితే వాళ్ల ప్రకటన, వాళ్ల పేరున్న అడ్రసు తప్పదు. అక్కడ కట్టిన సైట్‌ను పెకలించి ఇంకోచోట నాటలేం. వెబ్‌ఫ్లో గట్టి టూల్, కానీ పేజీలో డబ్బాలు ఎట్లా అమరుతాయో తెలియాలి. మొదటి మెట్టు అది కాదు. గూగుల్ సైట్స్ ఉచితం, జీమెయిల్ ఉంటే చాలు, నలుగురు కలిసి చేయొచ్చు. అందం తక్కువ, ఎడిటింగ్‌కు కంప్యూటర్ కావాలి. వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడతది. కానీ రాసిందంతా ఫైలుగా దించుకుని ఇంకోచోట పెట్టుకోవచ్చు.

నా మాట ఇది. ఐదారు పేజీల సమాచారమైతే గూగుల్ సైట్స్‌తో మొదలుపెట్టండి. నెలనెలా వార్తలు, గ్రామసభ తీర్మానాలు, పాత ఫోటోలు దాచాలంటే వర్డ్‌ప్రెస్‌కు పోండి. అక్కడ కూడా బరువైన పేజీ బిల్డర్లు తగిలించొద్దు, దాంతో వచ్చే ఎడిటర్ చాలు.

టూల్ కంటే పెద్దది తాళం. మా ఊరి యువత పేజీ ఒకటి ఉండేది, సోషల్ మీడియాలో. ఒక్కరి నంబరు మీద తెరిచాం. రీచార్జ్ చేయక ఆ సిమ్ పోయింది, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. మూడేళ్ల ఫోటోలు, సభల మాటలు అందులోనే ఉండిపోయాయి. తప్పు మాదే. అందుకే చెబుతున్నా. సైట్‌కు ఇద్దరు ముగ్గురు యజమానులు ఉండాలి, అందులో ఒక అక్కో చెల్లో ఉండాలి. అసలు కాగితాలు, ఫోటోలు వేరే పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. డొమైన్ పేరు సంఘం డబ్బుతో, సంఘం మెయిల్ మీద కొనాలి. అప్పుడు టూల్ మారినా అడ్రసు మారదు.

ఆ పేరులో జిల్లా పేరు మాత్రం పెట్టొద్దు. చింతూరు, కూనవరం 2014 దాకా ఖమ్మం జిల్లా. పోలవరం కోసం ఆంధ్రలో కలిపాక తూర్పుగోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇటు భద్రాచలం 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. గీతలు వాళ్లు మారుస్తూనే ఉంటారు. గోదావరికి, శబరికి ఆ గట్టూ ఈ గట్టూ ఉన్న కోయ చుట్టరికం మారలేదు. మన పేరు అట్లాంటిదై ఉండాలి.

ఇంకొకటి. పట్టా నంబర్లు, ఆధార్ కార్డులు, ఎవరు ఏ దరఖాస్తు పెట్టారన్న వివరాలు సైట్‌లో పెట్టకండి. మన పెద్దల ఫోటో, పాట, మందు చెట్టు సంగతి వాళ్లను అడగకుండా పెట్టకండి. మనల్ని అడగకుండా మన సంగతులు బయటపెట్టిన వాళ్ల మీద కోపంగా ఉన్నాం కదా, ఆ పని మనమే చేయకూడదు.

మొదలుపెట్టడానికి ఒక్క పేజీ చాలు. ముందు నోటుబుక్కులో రాయండి. వ్యక్తిగత హక్కుకు ఫారం ఎ, సామూహిక హక్కులకు ఫారం బి, సామూహిక అటవీ వనరులకు ఫారం సి. ఆదివాసీలకు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి భూమి ఆధీనంలో ఉండాలి. కాదంటే 60 రోజుల్లో అప్పీలు. రాసింది ఊళ్లో చదివి వినిపించండి. అర్థం కాని మాట మార్చండి. తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోండి.

పేజీ అయ్యాక మీ ఊరి గుట్ట ఎక్కి, ఇంట్లో ఉన్న అన్నింటికంటే పాత ఫోన్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటే మీ టూల్ మంచిదే. లేకపోతే ఫోటోలు తీసేసి మళ్లీ ఎక్కండి.

మావ నాటే, మావ రాజ్. జై ఆదివాసీ.